ఊరకే ఆగిపోయే కంప్యూటరు

ఈ నెల మా ఇంటి సంగతే రాస్తున్నాం. ఇంట్లో కంప్యూటరు ఉన్నవారికి, ముఖ్యంగా "విడి భాగాలు కొని మనమే బిగించుకుందాం" అంటున్న పిల్లలు గల తల్లిదండ్రులకు ఇది కొంత పనికి వస్తుందని మా ఆశ. ఇందులో మేము చేసిన పొరపాట్లు కూడా ఉన్నాయి. వాటిని దాచకుండానే చెబుతాం.

2024 ఏప్రిల్ నాటికి మా చిన్నవాడు ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ తొమ్మిదేళ్ల నాటిది. తెరవడానికే పది నిమిషాలు పట్టేది. కొత్తది కొందామంటే వాడు ఒక కాగితం మీద లెక్క వేసి చూపించాడు. తయారుగా ఉన్నది కొంటే డెబ్బై వేలు, విడి భాగాలు కొని మనమే బిగించుకుంటే యాభై రెండు వేలు. లెక్కలో తప్పేమీ కనబడలేదు. ఏలూరులో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఒక పెద్ద సముదాయం ఉంది. ఏ అంతస్తు చూసినా కంప్యూటరు దుకాణాలే. మధ్యాహ్నం దాకా నాలుగైదు చోట్ల బేరమాడి మదర్‌బోర్డు, ప్రాసెసరు, 16 జి.బి. ర్యాము ముక్కలు రెండు, ఎస్.ఎస్.డి., పవర్ సప్లయి, క్యాబినెట్టు కొన్నాం. అట్టపెట్టెలు ఒళ్లో పెట్టుకుని తిరుగు రైలెక్కాం.

మరునాడు భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి వాడు బిగిస్తూ ఉంటే మా ఇంటావిడ టార్చిలైటు పట్టుకుంది. సాయంకాలానికి దీపం వెలిగింది, పంకా తిరిగింది, తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆ రాత్రే పాత లాప్‌టాప్‌లో ఉన్న ఫోటోలన్నీ కొత్తదానిలోకి ఎక్కించాడు. పద్నాలుగు వేల పైచిలుకు ఫోటోలు. 1989 నాటి మా పెళ్లి ఆల్బము స్కాను చేయించినవి, పిల్లల చిన్ననాటివి, మా అత్తగారివి, అన్నీ అందులోనే.

ఆరు రోజులు బాగానే నడిచింది. ఏడవ నాడు మధ్యాహ్నం వాడు కాలేజీ ప్రాజెక్టు రాసుకుంటూ ఉండగా చటుక్కున ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలైంది. కరెంటు అనుకున్నాం. మరునాడు నీలం తెర వచ్చింది. ఏవో ఇంగ్లీషు మాటలు, ఒక శాతం లెక్క, మళ్లీ మొదలు. (2025లో విండోస్ 11కు ఆ తెరను నల్లగా మార్చారు. రంగు మారినా అర్థం అదే.) ఇక అక్కడ నుంచి ఒక క్రమమంటూ లేదు. ఒకనాడు మూడుసార్లు, ఆ తరువాత రెండు రోజులు నిక్షేపంగా, మళ్లీ ఏ పనీ లేకుండా ఊరకే ఉన్నప్పుడు. గంటసేపు సినిమా ఆడితే ఏమీ కాదు, ఉత్తరం టైపు చేస్తుంటే ఆగిపోతుంది.

ఈ "ఊరకే" అన్న మాటే మమ్మల్ని చాలా రోజులు తప్పుదారి పట్టించింది. యంత్రం ఊరకే ఆగదు. కారణం మనకు కనబడకపోతే ఊరకే అంటాం. ఇప్పుడు ఇంత తేలికగా రాస్తున్నాం గాని, అప్పుడు మేము చేసినది వేరు. ఒక సాయంకాలం, మేము రాసుకున్న నాలుగు పేజీలు పోయేసరికి, "చవక చవక అని తెచ్చావు, పద్దెనిమిది వేలు మిగిలాయనుకుంటే యాభై రెండు వేలూ పోయాయి, చేతకాని పని పెట్టుకోవడం ఎందుకు?" అని వాడి మీద విరుచుకుపడ్డాం. వాడు మారు మాట్లాడలేదు. రెండు రోజులు కంచం ముందు తల వంచుకుని తిని లేచిపోయాడు. మా ఇంటావిడ మాత్రం, "తప్పు వాడిదని మీకెలా తెలిసిందండీ? కంప్యూటరు చెప్పిందా?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

తెలిసినవాళ్లను అడిగితే తలా ఒక మందు చెప్పారు. తెలిసిన కుర్రాడొకడు వచ్చి, ర్యాము ముక్కలు తీసి మళ్లీ పెట్టాడు, డ్రైవర్లు కొత్తవి వేశాడు, బయోస్‌లో ఏదో మార్చాడు, క్యాబినెట్టు పక్క తలుపు తీసేయమన్నాడు. ఆశ్చర్యం, మూడు రోజులు ఒక్కసారి కూడా ఆగలేదు! నాలుగవ నాడు మళ్లీ ఆగింది. ఈ మూడు రోజులూ మా సమయం వృథా అయ్యాయని ఇప్పుడు తెలుస్తోంది. నాలుగు పనులు ఒక్కసారే చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, పడకపోయినా ఏది తీసిపారేయాలో తెలియదు. ఇంకొక సంగతి. సగటున రెండు రోజులకొకసారి వచ్చే జబ్బు మూడు రోజులు రాకపోతే నయమైనట్టు కాదు. అది ఉత్త అదృష్టం కూడా కావచ్చు. ఇలాంటి వాటికి ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. సగటున ఎన్ని రోజులకొకసారి ఆగుతోందో దానికి మూడు రెట్ల కాలం ఆగకుండా నడవాలి. అంత కాలం నడిచిందంటే, జబ్బు అలాగే ఉండి కూడా అదృష్టవశాత్తు నడిచే అవకాశం నూటికి అయిదు మాత్రమే. అంటే మేము కనీసం ఆరు రోజులు చూసి ఉండవలసింది.

ఆ వారంలో మా వాడు పాత నోటుపుస్తకం ఒకటి తెచ్చి కంప్యూటరు పక్కనే దారంతో కట్టాడు. తేదీ, వేళ, అప్పుడు ఏం చేస్తున్నాం, తెర మీద ఏం కనబడింది, ఇంట్లో కరెంటు ఉందా పోయిందా. ఎవరు కూర్చుంటే వారు రాయాలి. పాల లెక్క రాసినట్టే. మొదట మేము నవ్వుకున్నాం. పన్నెండు రోజుల తరువాత ఆ పేజీ చూస్తే నవ్వు రాలేదు. ఆగిన పదకొండుసార్లు రెండు రకాలుగా విడిపోయి కనబడ్డాయి. అయిదుసార్లు ఏ సందేశమూ లేకుండా, దీపం ఆర్పినట్టు పోయి మళ్లీ మొదలైంది. ఆ అయిదూ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు లోపే. మిగిలిన ఆరుసార్లు నీలం తెర వచ్చింది, లేదా నడుస్తున్న ప్రోగ్రాము తనంతట తానే మూసుకుపోయింది. వాటికి వేళాపాళా లేదు. మేము ఒక్క దొంగ కోసం వెతుకుతున్నాం. ఇంట్లో దూరినవారు ఇద్దరు.

మొదటివాడు తేలికగానే దొరికాడు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒక చిట్టా ఉంటుంది. జరిగినవన్నీ అందులో పద్దు పడతాయి. అందులో కెర్నెల్ పవర్ 41 అని ఎర్రగా ఒక పద్దు చూసి చాలామంది పవర్ సప్లయి పాడైందని కొత్తది కొనేస్తారు. ఆ పద్దుకు అర్థం అది కాదు. "కిందటిసారి నన్ను సరిగ్గా మూయలేదు" అని విండోస్ చెప్పుకోవడమే. కారణం అందులో ఉండదు. అయితే మా అయిదు పద్దుల వేళకూ ఇంట్లో ఇన్వర్టరు కుయ్యిమన్న వేళకూ సరిపోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు మా వీధిలో కరెంటు పోయి వస్తూ ఉంటుంది. పోయిన క్షణాన ఇన్వర్టరు అందుకుంటుంది. ఆ అందుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. కంప్యూటరు పవర్ సప్లయి కరెంటు లేకుండా తనలో ఉన్న నిల్వతో నిలబడగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. అంటే సెకనులో అరవయ్యవ వంతు. ఇళ్లలో వాడే ఇన్వర్టరుకు వెనుక గాని ముందు గాని చాలా వాటికి ఒక మీట ఉంటుంది, ఒక వైపు యు.పి.ఎస్., మరో వైపు నార్మల్ లేక ఎకో. నార్మల్ వైపు ఉంటే అందుకోవడానికి ముప్పై, నలభై మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. ఫ్యాను, ట్యూబులైటు దాన్ని పట్టించుకోవు. కంప్యూటరు పట్టించుకుంటుంది. యు.పి.ఎస్. వైపు వేస్తే పది, పదిహేను మిల్లీసెకన్లలో అందుకుంటుంది. మాది ఇన్నేళ్లూ నార్మల్ వైపే ఉంది. పాత లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది గనుక మాకు ఎన్నడూ తెలియలేదు. మీట తిప్పాం. తరువాత కంప్యూటరుకు వేరుగా చిన్న యు.పి.ఎస్. కూడా కొన్నాం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు ఉన్నవారు మాత్రం మీట తిప్పి ఊరుకోకండి. ఈ కాలపు పవర్ సప్లయిలలో కొన్నింటికి ఆ రకం కరెంటు గిట్టదు.

ఆ సందర్భంలోనే ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తింగు కూడా చూపించాం. మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంత మాత్రాన మూడవ దానికి తీగె ఉందని నమ్మకూడదు. క్యాబినెట్టు ముట్టుకుంటే వేళ్లకు సన్నగా జిల్లుమంటే, కంప్యూటరు సంగతి తరువాత, ముందు ఇంటి ఎర్తింగు చూపించుకోవాలి. పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే ఇల్లు.

ఇక రెండవ దొంగ. నీలం తెరలు ఆగలేదు. ఆ ఆరు పద్దుల్లో తెర మీద కనబడిన మాటలు వేర్వేరుగా ఉన్నాయి. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఒకసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, రెండుసార్లు ఐ.ఆర్.క్యు.ఎల్. నాట్ లెస్ ఆర్ ఈక్వల్. ఎప్పుడూ ఒకే మాట వస్తూ, ఒకే ఫైలు పేరు చూపిస్తూ ఉంటే ఏదో ఒక డ్రైవరును అనుమానించాలి. ప్రతిసారీ మాట మారిపోతూ ఉంటే అన్ని ప్రోగ్రాముల కింద ఉన్న నేలనే అనుమానించాలి. ఈ తేడా మాకు అప్పుడు తెలియదు. ఆ కుర్రాడినే మళ్లీ పిలిచాం. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, అంతా పోతుంది" అన్నాడు. ఫోటోలు వేరే డ్రైవులో ఉన్నాయి గనుక సరే అన్నాం. విండోస్ కొత్తగా ఎక్కుతూ అరవై మూడు శాతం దగ్గర నీలం తెర వచ్చింది. అతడు మళ్లీ మొదలుపెట్టాడు, రెండవసారి ఎక్కింది, అయిదు వందలు తీసుకుని వెళ్లాడు. రాత్రి మా వాడు పుస్తకంలో ఆ పద్దు రాస్తూ రాస్తూ ఆగి, "నాన్నా, విండోస్ ఇంకా పూర్తిగా ఎక్కనే లేదు కదా. మరి తప్పు విండోస్‌ది ఎలా అవుతుంది?" అన్నాడు. గొడవ జరిగిన తరువాత వాడు మాతో మాట్లాడిన మొదటి మాట అది.

వేడి సంగతి చూశాం. ప్రాసెసరు ఖాళీగా ఉన్నప్పుడు 42 డిగ్రీలు, పని బాగా ఇచ్చినప్పుడు 78. అది ప్రమాదం కాదు. కూలరు అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేవారు ఉంటారు, మా వాడు తీసే బిగించాడు. ఇక్కడ మేము ఎక్కువసేపు ఆగలేదు.

జూన్ మొదటి వారంలో మా అత్తగారి జ్ఞాపకార్థ కూడిక. కార్డు మీద వేయడానికి ఆమె ఫోటో కావాలని మా ఇంటావిడ కంప్యూటరు దగ్గర కూర్చుంది. చాలాసేపు అలికిడి లేదు. వెళ్లి చూస్తే తెర మీద మా అత్తగారు కనుబొమల దాకా ఉన్నారు. అక్కడి నుంచి కింద అంతా బూడిద రంగు పలక. మరొకటి తెరిస్తే ముఖం మధ్య నుంచి రంగులు మారిపోయి పచ్చగా, ఊదాగా చారలు. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో తెర తుడిచింది, మరక అనుకుని.

ఇక్కడ మాకు కాళ్లు చల్లబడిన సంగతి ఇంకొకటి ఉంది. పాత లాప్‌టాప్‌ను ఆ కుర్రాడికి ఆరు వేలకు ఇస్తామని ఒప్పుకున్నాం. సోమవారం వచ్చి, అందులో ఉన్నది చెరిపేసి తీసుకుపోతానన్నాడు. ఆ రోజు శనివారం. ఈ ఫోటోల అసలు ప్రతులు ఇంకెక్కడా లేవు. పెళ్లి ఆల్బము 2018లో చెదలు తినేసింది. వెంటనే ఫోను చేసి బేరం వద్దన్నాం. మా వాడు లాప్‌టాప్ తెరిచాడు, దాని పది నిమిషాలూ అది తీసుకుంది, అదే ఫోటో తెరిస్తే మా అత్తగారు పూర్తిగా ఉన్నారు. చీర అంచుతో సహా.

అంటే ఫోటో పాడైంది పాతదానిలో కాదు. ఒక యంత్రం నుంచి మరొక యంత్రంలోకి పోయే దారిలో. ఒక ఫైలును ఎక్కించేటప్పుడు అది మొదట ర్యాములోకి వచ్చి, అక్కడి నుంచి డిస్కులోకి పోతుంది. ఆ మధ్య మజిలీలో ఒక్క అక్షరం మారినా చాలు. జేపెగ్ ఫోటోలో ఒక చోట తప్పు పడితే అక్కడి నుంచి కిందిదంతా చెడిపోవచ్చు. కంప్యూటరు "ఎక్కించాను" అంటుంది. తప్పు పడిందని దానికే తెలియదు. పెద్ద సంస్థల సర్వర్లలో ఇలాంటి తప్పును పట్టి సరిచేసే ఇ.సి.సి. ర్యాము వాడతారు. ఇళ్లలోని కంప్యూటర్లలో సాధారణంగా అది ఉండదు.

ర్యాము గురించి నాలుగు మాటలు. దానిలో ప్రతి అక్షరమూ చిన్న చిన్న గదుల్లో కరెంటు బొట్టుగా ఉంటుంది. ఆ గదులు కారిపోయే కుండల వంటివి. అందుకే ప్రతి గదినీ సుమారు 64 మిల్లీసెకన్లకు ఒకసారి మళ్లీ నింపుతూ ఉంటారు. మా 32 జి.బి.లో అలాంటి గదులు 27 వేల కోట్లకు పైనే. అందులో ఒకటి రెండు మిగతావాటికంటే త్వరగా కారిపోయే చిల్లుకుండలైతే, నింపే వేళ వచ్చేలోపే ఖాళీ అవుతాయి. ఒకటి అని పెట్టినది సున్నా అవుతుంది. ఆ గదిలో ఆ క్షణాన ఏముందో దాన్ని బట్టి ఫలితం. ఏమీ లేకపోతే ఏమీ కాదు. ఫోటో ఉంటే ఫోటో చెడుతుంది. విండోస్‌కు ప్రాణమైన లెక్క ఉంటే నీలం తెర వస్తుంది. మాకు "ఊరకే" అనిపించినది ఇదే. ఇదేమీ ఎక్కడో అరుదుగా జరిగేది కూడా కాదు. గూగుల్ సంస్థ యంత్రాలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలో ర్యాము ముక్కల్లో నూటికి ఎనిమిదికి పైగా ఏదో ఒక తప్పు చూపించాయని తేలింది. అంతరిక్ష కిరణాల వంటి తాత్కాలిక కారణాలకంటే ముక్కలోని శాశ్వత లోపాలే అందులో ఎక్కువ అని కూడా రాశారు.

దీన్ని పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86 అని ఒక ప్రోగ్రాము ఉంది. మొదట 1994లో క్రిస్ బ్రేడీ అనే ఆయన రాసినది. దాని ఉచిత ప్రతి చాలు. విండోస్‌లోనే ఉన్న మెమరీ పరీక్షతో మొదలుపెట్టవచ్చు గాని, అది బాగుందన్నంత మాత్రాన నమ్మకండి. మెమ్‌టెస్ట్‌ను ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి (అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి సుమా), కంప్యూటరు మొదలయ్యేటప్పుడు డిస్కు బదులు ఆ పెన్‌డ్రైవు నుంచి తెరవాలి. విండోస్ రాకముందే అది నడుస్తుంది. ర్యాములోని ప్రతి గదిలోనూ తెలిసిన అంకె పెట్టి, మళ్లీ చదివి, సరిపోయిందా అని చూస్తుంది. ఉచిత ప్రతిలో నాలుగు ఆవృత్తులు ఉంటాయి. మాకు ఏడు గంటల పైన పట్టింది. రాత్రి పెట్టి పడుకోవలసిన పని. తెల్లవారి లేచేసరికి తెర మీద ఎర్ర గీతలు. నూట పన్నెండు తప్పులు. ఇక్కడ అయిదు తప్పులు తక్కువ, నూట పన్నెండు ఎక్కువ అని లేదు. సున్నా ఒక్కటే మంచి అంకె.

తప్పులు చూడగానే ముక్క పాడైందని తేల్చేయడం కూడా తొందరే. ర్యాము పెట్టె మీద 3600 అని పెద్ద అంకె ఉంటుంది. అది దాని పుట్టు వేగం కాదు. బయోస్‌లో ఎక్స్.ఎం.పి. అనే మీట వేస్తేనే ఆ వేగం వస్తుంది, దానికి ఓల్టేజీ కూడా 1.2 నుంచి 1.35కు పెంచుతారు. కొన్ని మదర్‌బోర్డులు, కొన్ని ప్రాసెసర్లు అంత వేగాన్ని ఓర్చుకోలేవు. అలాంటప్పుడు ముక్క మంచిదే, పరుగే ఎక్కువ. మా వాడు ఆ మీట తీసేసి మళ్లీ రాత్రంతా పెట్టాడు. తప్పులు తొమ్మిదికి తగ్గాయి గాని సున్నా కాలేదు.

ఇప్పుడు ముక్కలు విడదీశాడు. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, మీట ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు పోగొట్టి, క్యాబినెట్టు ఇనుమును తాకి, అప్పుడు చేయి పెట్టాడు. మొదటి ముక్క ఒక్కటే ఒక రాత్రి: సున్నా. రెండవ ముక్క ఒక్కటే, అదే గాడిలో: ఏడు. అయినా వాడు ఆగలేదు. రెండవ ముక్కను వేరే గాడిలో పెట్టి మూడవ రాత్రి, మొదటి ముక్కను ఆ గాడిలో పెట్టి నాలుగవ రాత్రి. రెండవది ఎక్కడ పెట్టినా తప్పులే, మొదటిది ఎక్కడ పెట్టినా సున్నా. గాడిది కాదు తప్పు, మదర్‌బోర్డుది కాదు, ప్రాసెసరుది కాదు, ముక్కదే. నాలుగు రాత్రులూ పుస్తకంలో పద్దు పడ్డాయి. ఆ పేజీని మేము రెండుసార్లు చదివాం. బిగించినవాడి చేతిలో ఏ తప్పూ లేదని అందులో రాసి లేదు, కాని కనబడుతోంది. పొద్దున కాఫీ మేమే కలిపి తీసుకెళ్లి, "ఒరేయ్, ఆ రోజు అన్న మాట తప్పురా" అన్నాం. వాడు "పంచదార ఎక్కువైంది నాన్నా" అన్నాడు.

దుకాణానికి ఫోను చేస్తే, పంపండి చూస్తామన్నారు. వారం తరువాత "మా దగ్గర బాగానే ఆన్ అవుతోంది" అన్నారు. ఆన్ అవుతుంది, నిజమే. మా దగ్గరా అయింది. మేము తెర మీది ఎర్ర గీతల ఫోటోలు, నాలుగు రాత్రుల పద్దు పంపాక సర్వీసు సెంటరుకు పంపించారు. రెండు ముక్కలు జతగా కొన్నవైతే రెండూ కలిపి పంపమని అడుగుతారు, ఒక్కటే పంపి ఆలస్యం చేసుకోకండి. బిల్లు, అట్టపెట్టె కనీసం ఏడాది దాచండి. పంతొమ్మిది రోజులకు కొత్త జత వచ్చింది. వచ్చిన రాత్రే దాన్నీ పరీక్షకు పెట్టాం. సున్నా.

ప్రాసెసరును మేము చివరికి వదిలేశాం గాని, అది ఎన్నడూ దోషి కాదని అనుకోరాదు. ఇంటెల్ వారి 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించి ఓల్టేజీ అడిగి క్రమంగా పాడవుతున్నాయని 2024లో ఆ సంస్థే ఒప్పుకుని, బయోస్ ద్వారా సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే పాడైనదాన్ని ఆ సవరణ బాగుచేయదు. అలాంటివి ఉన్నవారు బయోస్ కొత్తదేనా అని చూసుకోవడం మంచిది.

కొత్త ర్యాము వేశాక అసలు పని మిగిలింది. ఆ వారాలలో ఆ యంత్రం గుండా పోయినదంతా అనుమానించవలసిందే. పద్నాలుగు వేల ఫోటోలు కంటితో చూడడం ఎవరి తరం? ప్రతి ఫైలుకూ హాష్ అని ఒక గుర్తు సంఖ్య కట్టవచ్చు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. మా వాడు నాలుగు వరుసల చిన్న ప్రోగ్రాము రాసి, రెండు యంత్రాల్లోని సంఖ్యలు పక్కపక్కన పెట్టి పోల్చాడు. ముప్పై ఏడు తేడా వచ్చాయి. ఆ ముప్పై ఏడూ పాతదాని నుంచి మళ్లీ ఎక్కించాం. కార్డు మీద మా అత్తగారి ఫోటో సరిగ్గానే పడింది.

అన్నీ తిరిగి రాలేదు. మే నెలలో మా ఇంటావిడ తన చిన్నాన్న చేత పాత ఊరి సంగతులు చెప్పించి, ఫోనులో రికార్డు చేసి, నేరుగా కొత్త కంప్యూటరులో వేసి, ఫోనులో చెరిపేసింది. ఆరు ముక్కల్లో రెండు తెరుచుకోలేదు. పోల్చడానికి వేరే ప్రతి లేదు. ఆయనను మళ్లీ చెప్పమని అడిగాం, చెప్పారు, కాని ఈసారి కథలు వేరు. ఇప్పుడు మా ఇంట్లో ఏది ఎక్కించినా సంఖ్య సరిపోల్చేదాకా మొదటి ప్రతిని చెరపడం లేదు. కొత్త యంత్రం ఏదైనా వస్తే ఒక రాత్రి పరీక్షకు పెట్టాకే దాంట్లో మా సామాను సర్దుతున్నాం. పాత లాప్‌టాప్ బీరువా మీద ఉంది. అమ్మలేదు.

పుస్తకం ఇంకా దారానికే ఉంది. 2024 జూలై తరువాత అందులో చాలా నెలలు ఖాళీ. 2025 ఫిబ్రవరిలో ఒకనాడు కంప్యూటరు మళ్లీ చటుక్కున పోయింది. మాకు గుండె ఝల్లుమంది. మా వాడు పెన్‌డ్రైవు కోసం సొరుగులు వెతుకుతున్నాడు. పుస్తకం తెరిస్తే, పద్దు అప్పటికే రాసి ఉంది, మా ఇంటావిడ చేతిరాతతో: "ఉదయం 8-10. ఇస్త్రీపెట్టె కోసం ప్లగ్గు తీసింది నేనే."